పాత ఫొటోలను ఎందులో దాచాలి: ఒడిశా సరిహద్దు జిల్లాల తడి గాలికి తగిన ఎంపిక

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల ఇళ్లలో ఫొటోలు ఒకచోట ఉండవు. తాతల కాలం నాటి, అట్టకు అంటించిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు ట్రంకు పెట్టెలో ఉంటాయి. 1980లు, 90ల కలర్ ఫొటోలు జిగురు పేజీల ఆల్బముల్లోను, పెళ్లి ఫొటోలు బరువైన కరిజ్మా ఆల్బమ్‌లోను, కాలం చేసిన పెద్దల పటాలు హాలు గోడ మీద ఉంటాయి. వీటన్నిటినీ ఒక పద్ధతిలో భద్రపరచాలని పూనుకున్నవారికి దొరికే సలహాల్లో చాలా భాగం పొడి వాతావరణాన్నో, రోజంతా ఏసీ నడిచే గదులనో దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మన వైపు ఫొటోను పాడుచేసే వాటిలో వెలుతురు కన్నా, చెదల కన్నా ముందు చెప్పుకోవలసినది తేమ. అందుచేత పెట్టె ఖరీదెంత, ఆల్బమ్ అందమెంత అన్న ప్రశ్నలకన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇందులో చేరిన తేమ బయటికి పోగలదా, పోలేకపోతే దాన్ని పీల్చే ఏర్పాటును ఏడాది పొడుగునా ఎవరు చూస్తారు? కింది పోలికంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

## దేన్నిబట్టి తేల్చుకోవాలి

తేమ. ఫొటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ అనే పలుచని పొర. జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసిన పదార్థం గనుక అది బూజుకూ పురుగులకూ మంచి ఆహారం. పైగా తేమ తగిలితే ఉబ్బి, జిగటగా మారి, పక్కనున్న ఫొటోకో, అద్దానికో, ప్లాస్టిక్‌కో అతుక్కుపోతుంది. సాపేక్ష తేమ, అంటే గాలి పట్టగలిగే తేమలో ప్రస్తుతం ఉన్న వంతు, 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండడం ఫొటోకు మేలు. 65 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. గంజాం తీరంలో వానాకాలంలో అది 80 శాతం దాటడం మామూలే. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో చల్లదనం రంగులకు మేలు చేసే మాట నిజమే గాని, ఉతికిన బట్టలు రోజుల తరబడి ఆరని ఆ వాన నెలల్లో తేమ బాధ తీరంలో కన్నా తక్కువేమీ కాదు. దాచే గదిలో ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు పెట్టి వానాకాలంలో ఒకసారి, మాఘమాసంలో ఒకసారి అంకెలు చూసుకుంటే, ఊహల మీద ఆధారపడే అవసరం సగం తీరుతుంది.

వేడి. కలర్ ఫొటోల్లోని రంగులు చీకట్లో కూడా నెమ్మదిగా వెలుస్తాయి. నిల్వ ఉంచే చోటు సుమారు 5 డిగ్రీలు చల్లగా ఉంటే ఆ వెలిసే వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. కాబట్టి అటక, రేకుల కప్పు కింది గది, వంటగది గోడను ఆనుకున్న అలమర, ఈ మూడూ పనికిరావు.

పక్కనున్న వస్తువు స్వభావం. మామూలు అట్టపెట్టెలు, న్యూస్‌ప్రింట్, ప్లైవుడ్ అలమరలు కాలక్రమంలో ఆమ్లాన్ని వదులుతాయి. పీవీసీ ప్లాస్టిక్ అంతకన్నా హానికరం. ఫొటోల కోసమే తయారైన మంచి కవర్లు, పెట్టెలు ఐఎస్‌ఓ 18916 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ఫొటోకు హాని చేయవని తేల్చే ‘ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్’ అనే పరీక్షకు నిలిచినట్టు ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ‘ఆమ్లరహితం’ అన్న ఒక్క మాట కన్నా ఈ పరీక్ష పేరు ఎక్కువ భరోసా ఇస్తుంది.

మళ్లీ బయటికి తీయగలగడం. ఈ రోజు మంచిదనుకున్న పద్ధతి ఇరవై ఏళ్ల తరవాత తప్పని తేలవచ్చు. అప్పుడు ఫొటోను చిరగకుండా తీసి మరోచోట పెట్టగలమా లేదా అన్నది నా దృష్టిలో తేమ తరవాత అంతటి ముఖ్యమైన ప్రమాణం.

వరద, తుఫాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తీరం దాటిన తిత్లీ గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో వరదలు తెచ్చింది. మహేంద్రతనయ, వంశధార, నాగావళి, ఋషికుల్య నదుల ఒడ్డున ఉన్న ఇళ్లవారు ఏ పెట్టె ఎంచుకున్నా, దాన్ని ఒక మనిషి ఒక్కసారిలో ఎత్తి పైఅంతస్తుకు చేర్చగలిగేంత బరువులోనే ఉంచుకోవాలి.

## మీ దగ్గరున్నవి ఏ రకం

అన్ని ఫొటోలూ ఒకే తీరున పాడవవు. వెండి లవణాలతో తయారైన పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తయారైనప్పుడే స్టూడియోలో బాగా కడిగి ఉంటే ఎన్నో దశాబ్దాలు నిలుస్తాయి. అంచుల దగ్గర నీలిరంగు లోహపు మెరుపు కనిపిస్తే వెండి పైకి తేలుతున్నదని అర్థం, దాన్ని తుడవకూడదు. 1970లు, 80ల కలర్ ఫొటోలు చాలా వరకు ఎరుపు ఛాయకు తిరిగి ఉంటాయి, ఎందుకంటే వాటిలోని నీలి-ఆకుపచ్చ రంగు మిగతావాటికన్నా ముందు వెలిసిపోయింది. ఎంత మంచి పెట్టెలో పెట్టినా పోయిన రంగు తిరిగి రాదు గనుక, కాపీ తీయడంలో వీటికే మొదటి స్థానం ఇవ్వాలి. ఇక ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసినవాటికి నీటి చుక్క పడితే సిరా పాకిపోవచ్చు. చేత్తో రంగులద్దిన పాత ఫొటోల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

## ఒక్కొక్క పద్ధతి

### కాగితపు కవర్లు, గట్టి అట్టపెట్టె

ఒక్కో ఫొటోను ఆమ్లరహిత కాగితపు కవర్లో పెట్టి, ఆ కవర్లను అదే రకం పెట్టెలో నిలబెట్టో పడుకోబెట్టో ఉంచడం. కాగితం గాలి ఆడనిస్తుంది. వానాకాలంలో కొంత తేమ పీల్చినా పొడి రోజుల్లో వదిలేస్తుంది, ప్లాస్టిక్‌లా లోపలే బంధించదు. ఫొటో అద్దానికో ప్లాస్టిక్‌కో అతుక్కుపోయే ప్రమాదం లేదు. కవరు మీదనే పేర్లు రాసుకోవచ్చు గనుక ఫొటో వెనక గట్టిగా రాయవలసిన పనీ తగ్గుతుంది. దీనిలో లోపాలు రెండు. చూడాలంటే ప్రతి ఫొటోనూ బయటికి లాగాలి, అందువల్ల వేలిముద్రలు పడతాయి. రెండోది, నీళ్లు చేరితే కాగితం ఏమాత్రం కాపు కాయదు.

ఈ పెట్టెను స్టీలు బీరువాలో, పై అరల్లో ఒకదానిలో, ఇంటి లోపలి గోడకు ఆనించి ఉంచితే మన ప్రాంతానికి ఇంతకన్నా మెరుగైన పద్ధతి లేదన్నది నా అభిప్రాయం. కాల్చి వేసిన పెయింటు గల స్టీలు కొయ్యలా ఆమ్లపు ఆవిరి వదలదు, చెదలకు లొంగదు. ఫొటోల అరలో నాఫ్తలీన్ గోళీలు, కర్పూరం, ఎండిన వేపాకు వేయకూడదు: మొదటి రెండింటి ఆవిరి ఫొటో మీద, ప్లాస్టిక్ మీద పనిచేస్తుంది, వేపాకు పొడయి పురుగుకు చోటిస్తుంది. పట్టుచీరల కోసం బీరువాలో గోళీలు వాడే అలవాటున్న ఇళ్లలో ఫొటోలకు వేరే అలమర చూసుకోవడమే మంచిది.

### ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్

పండగకు వచ్చిన పిల్లలు, చుట్టాలు తరచుగా తిరగేసే ఫొటోలకు ఇది సరిపోతుంది. ప్లాస్టిక్ ఏ రకమన్నదే ఇక్కడ ముఖ్యం. పాలియెస్టర్, పాలీప్రొపిలిన్, పాలిథిన్ రకాలు ఫొటోకు హాని చేయవు. పీవీసీని మెత్తబరచడానికి కలిపే నూనె వంటి పదార్థం బయటికి ఊరి ఫొటోను జిగటగా చేస్తుంది. కాలక్రమంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా విడుదలవుతుంది. కొత్త వానకోటు లాంటి ఘాటు వాసన వచ్చి, చేతికి అంటుకున్నట్టు ఉండే పేజీలను అనుమానించాలి. వస్తువు మీద త్రికోణపు గుర్తు ఉంటే, లోపలి అంకె 1, 2, 4, 5లలో ఏదైనా పరవాలేదు, 3 ఉంటే వద్దు. స్టేషనరీ దుకాణాల్లో సర్టిఫికెట్ల కోసం అమ్మే పారదర్శక కవర్లలో పాలీప్రొపిలిన్ రకం దొరుకుతుంది, అడిగి, గుర్తు చూసి తీసుకోవచ్చు.

మంచి ప్లాస్టిక్ అయినా వానాకాలపు తేమలో ఒత్తిడి పడితే జెలటిన్ దానికి అతుక్కోవచ్చు. ఆల్బములను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లా నిలబెట్టి, మరీ బిగించకుండా ఉంచాలి. తీరప్రాంతపు ఇళ్లలో, ఏసీ లేని గదుల్లో, ఒకే ఒక్క ప్రతి ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటోలను వీటిలో పెట్టమని నేను చెప్పను.

నల్ల పేజీల మీద మూలలకు చిన్న కాగితపు చెవులు అంటించి, మధ్యలో బటర్ పేపర్ వేసిన పాత ఆల్బములు ఇంకా గట్టిగా ఉంటే వాటిని విప్పవద్దు. ఫొటో ఎక్కడా జిగురుకు తగలని ఆ పద్ధతి నేటికీ మంచిదే, పైగా ఆ వరస, ఆ చేతిరాత కూడా కుటుంబ చరిత్రే. తేమకు అంటుకునే బటర్ పేపర్ స్థానంలో ఆమ్లరహిత కాగితం మార్చుకుంటే చాలు.

### గాలి చొరని డబ్బా, సిలికా జెల్

రబ్బరు పట్టీ ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే గుళికలైన సిలికా జెల్ సంచులు వేసి మూయడం కాగితం మీద చూస్తే అన్నిటికన్నా శాస్త్రీయంగా కనిపిస్తుంది. తుఫాను వేళ నీళ్లను కొంతసేపైనా ఆపేది ఇదొక్కటే. కాని సిలికా జెల్‌కు ఒక హద్దు ఉంది. అది నిండిన తరవాత తేమ పీల్చడం మానేస్తుంది. దాన్ని సుమారు 120 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ సిద్ధం చేయాలి, అదీ వంటకు వాడని పాత్రలో. నిండినప్పుడు రంగు మారే రకాల్లో నీలం నుంచి గులాబీకి తిరిగేదానిలో ఆరోగ్యానికి హాని చేసే కోబాల్ట్ ఉంటుంది గనుక, నారింజ రంగుది ఎంచుకోవడం మేలు. ఇది నెలనెలా చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే మూసిన డబ్బాయే బూజుకు ఇల్లవుతుంది.

ఇంకో సంగతి. శ్రావణంలో మూసిన డబ్బా శ్రావణపు తేమనే లోపల బంధిస్తుంది, ఎందుకంటే ఫొటో కాగితం, కవర్లు కూడా తేమను పట్టి ఉంచుతాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా సర్దే పనిని జనవరి, ఫిబ్రవరి నెలలకు పెట్టుకోవాలి. ఈ పద్ధతికైతే అది తప్పనిసరి. సర్దే ముందు ఫొటోలను ఎండలో ఆరబెట్టకూడదు. నీడలో, ఫ్యాను గాలి మెల్లగా తగిలే చోట ఒకటి రెండు రోజులు పరచి ఉంచితే చాలు.

### జిగురు పేజీల ఆల్బమ్

జిగురు గీతలున్న పేజీ మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ కాగితం కప్పే ఈ ఆల్బములు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. కొత్తగా కొనవద్దు. ఉన్నవాటిలోంచి తేలికగా వచ్చే ఫొటోలను పొడి నెలల్లో బయటికి తీసి కాగితపు కవర్లలోకి మార్చాలి. రానివాటిని లాగకుండా, ముందుగా పేజీలో ఉండగానే స్కాన్ చేసి, తరవాత పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫొటో వెనకనుంచి మెల్లగా జరుపుతూ విడదీయవచ్చు. అప్పటికీ రాకపోతే పేజీని ఫొటో చుట్టూ కత్తిరించి అలాగే దాచడం మంచిది.

### ల్యామినేషన్

ఇది రక్షణ అన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది, అందుకే గట్టిగా చెప్పవలసి వస్తున్నది: అసలు ఫొటోకు ల్యామినేషన్ చేయించవద్దు. వేడికి కరిగిన జిగురు జెలటిన్ పొరతో కలిసిపోతుంది, మళ్లీ తీయడం సాధ్యం కాదు. కొన్నేళ్లకు అంచు దగ్గర పొర లేస్తే తేమ లోపలికి చేరి, బయటికి వచ్చే దారి లేక ఫొటోను అక్కడినుంచే తింటుంది. చేయించాలనుకుంటే కాపీకి చేయించండి.

### గోడ మీది పటాలు, కరిజ్మా ఆల్బములు

కాలం చేసిన పెద్దల పటాలకు దండ వేస్తాం, అద్దం మీద బొట్టు పెడతాం, ఎదుట అగరువత్తి వెలిగిస్తాం. ఆ గౌరవం అలాగే సాగాలి. అందుకని అసలు ఫొటోను పెట్టెలోకి చేర్చి, మంచి కాపీని పటం కట్టించడమే సరైన మార్గం. తడి పూలదండ నుంచి ఫ్రేము సందుల్లోకి దిగే నీరు, వాన తగిలే బయటి గోడ చెమ్మ, కిటికీ వెలుతురు, ఇవి మూడూ కలిసి అసలుని కొన్నేళ్లలోనే పాడుచేయగలవు. ఫొటో ఇప్పటికే అద్దానికి అతుక్కుని ఉంటే విడదీసే ప్రయత్నం చేయకుండా, అద్దంతో సహా స్కాన్ చేయించి, అలాగే భద్రపరచండి. కొత్తగా కట్టించేటప్పుడు ఫొటోకూ అద్దానికీ మధ్య అట్ట చట్రం వేయించి సందు ఉంచాలి.

కరిజ్మా ఆల్బమ్‌ను పడుకోబెట్టి, దాని పెట్టెలోనే, పైన బరువు లేకుండా ఉంచండి. దాని పేజీలు విడదీయడానికి వీల్లేనివి గనుక స్టూడియోవారి దగ్గరి డిజిటల్ ఫైళ్లు అడిగి తీసుకోవడం పెట్టె ఎంపికకన్నా ముఖ్యం.

| పద్ధతి | తేమ బయటికి పోతుందా | నీటినుంచి రక్షణ | మళ్లీ తీయడం | ఏటా శ్రమ |
|---|---|---|---|---|
| కాగితపు కవర్లు, పెట్టె | పోతుంది | లేదు | తేలిక | తక్కువ |
| పాలీప్రొపిలిన్ జేబుల ఆల్బమ్ | కొంతవరకు | కొద్దిగా | తేలిక, తడిస్తే కష్టం | తక్కువ |
| గాలి చొరని డబ్బా, సిలికా జెల్ | పోదు | మంచిది | తేలిక | ఎక్కువ, నెలనెలా |
| జిగురు పేజీల ఆల్బమ్ | పోదు | లేదు | కష్టం | – |
| ల్యామినేషన్ | పోదు | అంచు లేచేదాకా | అసాధ్యం | – |
| గోడ మీద అసలు ఫొటో | సందు ఉంటేనే | లేదు | తరచు కష్టం | మధ్యస్థం |

## స్కాన్ చేస్తే చాలదా

కాపీ లేని ఫొటోకు ఏ పెట్టే పూర్తి భద్రత కాదు. అలాగే స్కాన్ ఉందని అసలుని వదిలేయడమూ పొరపాటే. మామూలు సైజు ఫొటోలను 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర, ఇంకా చిన్నవాటిని అంతకన్నా ఎక్కువలో స్కాన్ చేయాలి. నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచి, పంచుకోవడానికి చిన్న సైజు జేపెగ్ ఫైలు వాడుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపాలి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో అన్నది చాలాకాలంగా నిలిచిన నియమం. బరంపురం ఇంటి ఫొటోల మూడో ప్రతి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లల దగ్గర ఉంటే, ఒకే తుఫాను రెండింటినీ తీసుకుపోదు. ఇచ్ఛాపురం మాత్రం దీనికి మరీ దగ్గర.

## ఎవరికి ఏది

పెద్దవాళ్లు ఇద్దరే ఉండి, పిల్లలు దూరంగా ఉన్న ఇంటికి కాగితపు కవర్లు, స్టీలు బీరువా. నెలనెలా సిలికా జెల్ చూడమని డెబ్భై ఏళ్లవారిని అడగడం న్యాయం కాదు. తరచుగా చూడాలనుకునే కొద్ది ఫొటోల కాపీలు తీయించి ఒక చిన్న ఆల్బమ్‌లో పెట్టి ఇస్తే వారికి అది చాలు.

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో నది దగ్గర, కింది అంతస్తులో అద్దెకున్నవారికి నా సలహా రెండూ కలిపినది: ఏడాదంతా కాగితపు కవర్లు, చిన్న పెట్టెలు; తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున ఆ పెట్టెలు పట్టే గాలి చొరని డబ్బా ఒకటి ఖాళీగా సిద్ధంగా ఉంచుకోవడం. గండం గడిచాక పెట్టెలను మళ్లీ బయటికి తీయాలి.

బదిలీల ఉద్యోగాల్లో ఉన్నవారికి కాగితపు పెట్టెలు నలుగుతాయి. పాలీప్రొపిలిన్ కవర్లు, గట్టి రింగు ఫైలు, దాన్ని పట్టే పెట్టె మేలు. అసలైన పాత ఫొటోలను మాత్రం సొంత ఊళ్లో ఒకరి దగ్గర స్థిరంగా ఉంచాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకోవలసిన ఫొటోలైతే అసళ్లను విడదీసి పంచవద్దు. స్కాన్లు, కొత్త ప్రింట్లు అందరికీ ఇచ్చి, అసళ్లన్నీ పొడిగా ఉండే ఇల్లెవరిదైతే వారి దగ్గర ఉంచడం మంచిది, పెద్దకొడుకు ఇల్లు కావాలన్న నియమం లేదు.

నెలనెలా పని పెట్టుకునే ఓపిక, తేమ మీటరు చూసే అలవాటు ఉన్నవారికి, గోపాల్‌పూర్ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉన్నవారికి, సిలికా జెల్ డబ్బా నిజంగానే మంచి ఫలితం ఇస్తుంది.

## తడిసిపోతే

తడిసిన ఫొటోలు కట్టగా ఆరితే ఒక్క ముద్దవుతాయి. వాటిని ఆరనివ్వకుండా, శుభ్రమైన చల్లటి నీటిలో ఒక్కొక్కటిగా మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా బట్ట మీద నీడలో ఆరబెట్టాలి. బొమ్మ ఉన్న వైపు వేలితో తాకకూడదు. ఇంక్‌జెట్ ప్రింట్లను, చేత్తో రంగులద్దినవాటిని నీటిలో ముంచకూడదు. రెండు రోజుల్లో అన్నీ చేయలేకపోతే మైనపు కాగితం మధ్యన పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, తరవాత కొన్నికొన్నిగా తీసుకోవచ్చు. కరెంటు నిలకడగా ఉంటేనే.

## పేర్లు రాయడం

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడే దాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. మన ఇళ్లలోని చాలా పాత ఫొటోల వెనక తెలుగులోనే పేర్లుంటాయి, కాని ఇక్కడ ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుతున్న పిల్లల్లో చాలామందికి ఆ అక్షరాలు రావు. కాబట్టి కవరు మీద తెలుగుతో పాటు ఒడియాలో కూడా పేరు, వరస, ఊరు, తెలిసినంతవరకు ఏడాది రాయాలి. ఫొటోను లోపల పెట్టకముందే కవరు మీద రాయాలి. ఫొటో వెనకనే రాయవలసి వస్తే పాత కాగితపు ఫొటోల మీద మెత్తని పెన్సిలుతో, అంచు దగ్గర, గట్టిగా అదమకుండా రాయండి. 1970ల తరవాతి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పడదు గనుక నీటికి చెదరని పిగ్మెంటు సిరా పెన్ను వాడి, ఆరిన తరవాతే మరో ఫొటో మీద పెట్టాలి. మనుషులను గుర్తుపట్టగల పెద్దలు ఉన్న ఇంట్లో, పెట్టె కొనడం కన్నా ముందు చేయవలసిన పని ఇది.